పెద్దల్లుడి నల్లపట్టీ

అల్లుణ్ణి పదో గ్రహమన్నవాళ్ళు ఒక్క అల్లుడున్న ఇంటినే చూసి ఉంటారు. ఇద్దరల్లుళ్ళున్న ఇంట్లో ఆ రెండు గ్రహాలూ ముందు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అత్తగారి సంగతి తర్వాత.

ఈ కథలో పెద్దల్లుడు ఎముకల డాక్టరు. ఊళ్ళో మంచి పేరుంది, చెయ్యి తిరిగినవాడు. విరిగిన కాలు చూస్తే కంగారు పడడు గానీ అత్తగారింట్లో టీ కప్పు ముందు ఎవరికి అందిందో మాత్రం ఓరకంట చూస్తాడు. నవ్వకండి, దానికో కారణం ఉంది. అతనికి చిన్నతనంలోనే తల్లి పోయింది. చదువుకునే రోజుల్లో బోర్డు మీది అక్షరాలు మసకేస్తుంటే ఒక కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాడు. దుకాణం నడిపే ఆవిడ అతని ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడిగింది. ఆవిణ్ణి అంతసేపు నిలబెట్టడం బాగోదని ఇతను మొహమాటపడి బాగుందండీ అన్నాడు. ఆవిడ టక్కున ఫ్రేము తీసేసింది.

"నాకోసం బాగుందనకు బాబూ. నీ కంటికి బాగుంటేనే అను. నన్ను సంతోషపెట్టి, దారిలో గుంటలో పడేవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు."

తల్లి పోయాక అతన్ని అలా మందలించినవాళ్ళు లేరు. ఆ తర్వాత కళ్ళజోడు వంకర పోయిందని, మరలు వదులయ్యాయని, ఏమీ కాకపోయినా అద్దాలు తుడిపించుకోవాలని ఆ దుకాణం చుట్టూ తిరిగాడు. చివరికి ఆవిడ పెద్ద కూతుర్నే పెళ్ళి చేసుకున్నాడు. ఆయన ముందు మెచ్చింది మా అమ్మని, నేను కొసరుగా వచ్చానని ఆ కూతురు ఇప్పటికీ అంటుంది. ఇతను కాదనడు.

చాలా ఏళ్ళు ఆ ఇంటికి ఇతనొక్కడే అల్లుడు. అత్తగారు "బాబూ" అని పిలిస్తే అది ఇతనే, ఇంకెవరో అని వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. ఆ తర్వాత చిన్నకూతురికి పెళ్ళయింది. చిన్నల్లుడు స్కానింగులు చదివే డాక్టరు. పెళ్ళయిన మర్నాటి నుంచే అత్తగారు అతన్ని చిన్నబాబు అనీ, ఇతన్ని పెద్దబాబు అనీ పిలవడం మొదలుపెట్టింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇద్దరున్నప్పుడు తేడా తెలియాలి కదా. కానీ ముందొచ్చి కూర్చున్న ఆ 'పెద్ద' అనే మాటని ఇతను ఎన్నడూ క్షమించలేదు.

చిన్నల్లుడు చూడటానికి ఏమంత ఉండడు. బట్టతల, నిదానం. అయితే నవ్వించడం తెలుసు. అత్తగారు అద్దాలు అరగదీసే మిషను దగ్గర నిలబడి అతని మాటలకి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేది. దుకాణం షట్టరు మొరాయిస్తే అతనే నూనె పోశాడు. కౌంటరు వెనక ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద, పెద్దల్లుడు ఏనాడూ చనువు తీసుకుని కూర్చోని ఆ స్టూలు మీద, ఒకరోజు అతను కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉండటం ఇతను వీధిలోంచి చూశాడు. లోపలికి వెళ్ళకుండానే వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి భార్యతో, ఆ నీడలాయనకి రోగుల్లేరా ఏమిటి, ఎప్పుడు చూసినా దుకాణంలోనే ఉంటాడు అన్నాడు. చీకటి గదిలో కూర్చుని నలుపు తెలుపు బొమ్మలు చూసే ఉద్యోగం కదా, అందుకని ఆ పేరు పెట్టాడు. భార్య, మీకు కడుపులో మంటకి మందు తెమ్మంటారా అంది.

అలాంటి సమయంలో అత్తగారికి నడుం నొప్పి వచ్చింది.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ కబురు విని పెద్దల్లుడు బాధపడ్డాడు, బాధ కింద కాస్త సంతోషించాడు కూడా. నడుమంటే ఎముకలు, ఎముకలంటే తను. నీడలాయన ఎంత నవ్వించినా నడుం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తన దగ్గరికే రావాలి. వచ్చింది కూడా. అతను మందులిచ్చాడు, నడుముకి బెల్టు తెచ్చాడు, నేల మీద పడుకుని చేసే వ్యాయామాలు తనే చేసి చూపించాడు. రోజూ సాయంత్రం ఆసుపత్రి నుంచి నేరుగా దుకాణానికి వెళ్ళి, తగ్గిందా అత్తయ్యా అని అడిగేవాడు. తగ్గింది బాబూ అనేది ఆవిడ. నొప్పిలో పడి ఆ 'పెద్ద' మాట మర్చిపోయిందో, మరి కావాలనే వదిలేసిందో తెలియదు. ఇతనికి మాత్రం ఆ పిలుపు విన్నరోజు రాత్రి భోజనం రుచిగా ఉండేది.

నడుముకి ఎమ్మారై తీయించాడు. అందులో ఇతని పట్టింపు ఒకటుంది, దాన్ని గురించి చెప్పాలి. మనిషి ఎంత కదలకుండా పడుకున్నా పొట్ట ఊపిరితో కదులుతుంది, లోపల పేగులూ కదులుతాయి. ఆ కదలిక వల్ల వెన్నెముక బొమ్మ చెదురుతుంది. అందుకని మిషను నడిపేవాళ్ళు వెన్నెముకకి ముందున్న భాగం మీద ఒక నల్లపట్టీ వేస్తారు. ఆ పట్టీ కింద ఉన్నదేదీ బొమ్మలో పడదు, ఎముకలు మాత్రం కడిగినట్టు కనిపిస్తాయి. అందరూ వేసేదే. పెద్దల్లుడికి మాత్రం అందరికన్నా వెడల్పుగా కావాలి. నా బొమ్మల్లో ఎముకలు తప్ప చెత్త కనపడకూడదని అతను ఎన్నోసార్లు చెప్పి ఉండటంతో, మిషను గదిలో దానికి సారుగారి పట్టీ అని పేరే పడిపోయింది. అత్తగారికి స్వయంగా దగ్గరుండి, మరి కాస్త వెడల్పు చేయించాడు. బొమ్మల్లో ఒకచోట డిస్కు కొంచెం బయటికి జరిగి ఉంది. ఆ వయసులో సగంమందికి ఉండేదే. దొరికిందన్నాడు.

నెల దాటింది. ఆవిడ చిక్కిపోయింది. కాళ్ళకి సాయంత్రానికల్లా నీరు చేరుతోంది. ఒక ఆదివారం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఆవిడ రెండు ముద్దలు తిని, బల్ల అంచు పట్టుకుని ముందుకి వంగి కూర్చుంది. చిన్నల్లుడు నవ్వడం ఆపి, పడుకుంటే నొప్పి తగ్గుతుందా అత్తయ్యా అని అడిగాడు. ఆవిడ ఒకసారి పెద్దల్లుడి వైపు చూసి, తగ్గుతుందనే చెప్పింది. డిస్కు నొప్పయితే తగ్గాలి మరి.

"అన్నయ్యా, ఒకసారి పొట్ట కూడా చూద్దామా? అల్ట్రాసౌండే కదా, ఎంతసేపు పడుతుంది" అన్నాడు చిన్నల్లుడు.

అడిగింది మెల్లగానే. తోడల్లుడు అన్నయ్యా అని వరస పెట్టి మర్యాదగానే అడిగాడు. కానీ పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. తనకని మిగిలింది ఆ ఒక్క నడుమే, దాని మీద కూడా చెయ్యి వేస్తున్నాడు.

"నొప్పి నడుములో ఉంటే పొట్ట చూడటమేమిటి? నీడలు చూసీ చూసీ నీకు మనుషుల్లో కూడా నీడలే కనపడుతున్నాయి."

అందరూ కంచాల్లోకి చూసుకున్నారు. చిన్నల్లుడు సరే అన్నయ్యా అని మంచినీళ్ళు తాగాడు. అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ మాట అక్కడితో ముగిసింది, నొప్పి ముగియలేదు.

మరికొన్ని వారాలకి పెద్దల్లుడు ఒక రోగి మణికట్టు బొమ్మ గురించి మాట్లాడటానికి స్కానింగు సెంటరుకి వెళ్ళాడు. చిన్నల్లుడి గది తలుపు మూసి ఉంది. తలుపు బయట ఒక జత చెప్పులున్నాయి. గోధుమ రంగువి, మడమ దగ్గర మెత్త ఉన్నవి. నడుముకి మంచివని తనే వెతికి కొన్న చెప్పులవి.

భార్య చెప్పులు పరాయి గుమ్మంలో చూసిన మగవాడికి కూడా అంత గుండె దడ పుట్టదు. తలుపు తట్టకుండా తోశాడు. లోపల మసక వెలుతురులో అత్తగారు బల్ల మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. చిన్నల్లుడు జిగురు రాసిన పరికరం ఆవిడ పక్కటెముకల కింద ఆనించి తెర చూస్తున్నాడు. ఇతన్ని చూడగానే ఆవిడ తేలు కుట్టిన దొంగలా దుప్పటి పైకి లాక్కుంది.

"నాకు చెప్పకుండా వచ్చారా అత్తయ్యా" అన్నాడు పెద్దల్లుడు. గొంతులో పౌరుషం ఉండాలనుకున్నాడు గానీ ఏడుపు వచ్చి కూర్చుంది.

 చిన్నల్లుడు తల తిప్పకుండానే, అన్నయ్యా ఇలా వచ్చి ఇది చూడు అన్నాడు. తెర మీద ఎడమ కిడ్నీ నీళ్ళతో ఉబ్బిపోయి, చుట్టూ కండ పలచబడి ఉంది. కుడిదానిలో కూడా అప్పుడే నీరు చేరడం మొదలైంది. మూత్రం కిందికి దిగే దారి ఎక్కడో మూసుకుపోతోంది. ఎముకల డాక్టరైనా అతనూ డాక్టరే, అర్థం కావడానికి ఆట్టే సేపు పట్టలేదు. కోపం ఎక్కడ వదిలేశాడో తెలియకుండా ఆవిడ కాలి బొటనవేలు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజే పెద్దాసుపత్రిలో చేర్చారు. రక్తపరీక్షల్లో కిడ్నీలు నీరసించాయనీ, రక్తం తక్కువగా ఉందనీ, ఒంట్లో ఎక్కడో వాపు రగులుతోందనీ తేలింది. సీటీ తీస్తే అదెక్కడుందో తెలిసింది. గుండె నుంచి బయల్దేరిన పెద్ద రక్తనాళం, బృహద్ధమని, పొట్ట గుండా దిగి నడుం దగ్గర రెండు కాళ్ళకీ చీలుతుంది. ఆ చీలికకి పైన, నాళం చుట్టూ, కారుతున్న గొట్టానికి గుడ్డ చుట్టి సిమెంటు పూసినట్టు మందంగా ఒక పొర పేరుకుంది. అది అక్కడితో ఆగక, అటూ ఇటూ దిగే మూత్రనాళాలని రెంటినీ తనవైపు లాక్కుని నొక్కేసింది. నొప్పి వెన్నెముక ముందు పుట్టి వెనక తెలుస్తోంది. డిస్కు పాపం ఏ పాపమూ ఎరుగదు.

కిడ్నీల డాక్టరు పెద్దావిడ, తొణకని మనిషి. ముందు రెండు మూత్రనాళాల్లోనూ సన్నని గొట్టాలు పెట్టించి దారి చేసింది. తర్వాత అల్లుళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి ఉన్నది చెప్పింది. ఇది రక్తనాళం చుట్టూ వచ్చే వాపు కావచ్చు, అలా అయితే స్టెరాయిడ్ మాత్రలకి లొంగుతుంది. లేదా లింఫు గ్రంథుల క్యాన్సరు కావచ్చు, అదీ బొమ్మలో ఇంచుమించు ఇలాగే ఉంటుంది. క్యాన్సరై ఉండి స్టెరాయిడ్ ఇస్తే కొన్నాళ్ళు అణిగినట్టు నటించి మనల్ని మోసం చేస్తుంది. ముక్క తీసి చూద్దామంటే సూది సరిగ్గా ఆ పెద్ద నాళం పక్కకే వెళ్ళాలి, ఈవిడ ఉన్న నీరసంలో ఒక్క చుక్క రక్తం పోయినా కష్టం. ఆ పొర ఎన్నాళ్ళనుంచి ఉందో తెలిస్తే బాగుండును. నెలల తరబడి అదే మందంలో ఉందంటే క్యాన్సరు అనుమానం చాలావరకు పోతుంది.

"పాత బొమ్మలేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"అన్నయ్య తీయించిన ఎమ్మారై ఉంది" అన్నాడు చిన్నల్లుడు.

"అందులో ఎముకలు తప్ప ఏమీ లేదు" అన్నాడు పెద్దల్లుడు.

సాయంత్రం తన గదిలో ఒంటరిగా కూర్చుని ఆ బొమ్మలు మళ్ళీ పెట్టుకున్నాడు. అన్న మాట నిజమే. వెన్నెముక ముందంతా నలుపు. తను అడిగి మరీ వెడల్పు చేయించుకున్న నలుపు. హమ్మయ్య అనుకోబోయి ఆగాడు. అసలు బొమ్మలకి ముందు, గురి కుదుర్చుకోవడానికి మిషను తీసుకునే ముతక బొమ్మలు రెండు మూడు ఉంటాయి. వాటికి పట్టీ వేయరు. ఎముకల డాక్టర్లెవరూ వాటిని తెరవరు, ఇతనూ ఎన్నడూ తెరవలేదు. ఇప్పుడు తెరిచాడు.

ఎడమ కిడ్నీ తెల్లగా ఉబ్బి ఉంది. పెద్ద నాళం చుట్టూ బూడిద రంగు పొర, మసగ్గానే అయినా, తెలిసిన కంటికి తెలిసేలా ఉంది. ఆదివారం భోజనం దగ్గర నీడల గురించి తను వేళాకోళమాడిన రోజుకి ఇది తన బల్ల సొరుగులో ఉంది.

అప్పుడు అతనికి ముందు వచ్చిన ఆలోచన అత్తగారి కిడ్నీ గురించి కాదు. ఆ నీడలాయన దీన్ని చూస్తాడే, అన్నది ముందు వచ్చింది. ఒక్క చూపులో చూస్తాడు, అందరి ముందూ చెబుతాడు, ఇక ఆ ఇంట్లో తను జన్మంతా తల దించుకు తిరగాలి. బొమ్మలు చెడిపోయాయంటే ఎవరు అడుగుతారు? ఎలాగూ ముక్క తీస్తారుగా, అందులోనే తేలుతుంది. మింగలేక కక్కలేక చాలాసేపు కూర్చున్నాడు. కళ్ళు మూసుకుంటే ఆ నాళం పక్కకి దిగుతున్న సూది కనిపించింది. దాని చివర అద్దాలు తుడిచే ఆ చేతులూ, ఆ మనిషీ ఉన్నారు. తన పరువుకి అంత ఖరీదు లేదని అప్పటికి తేలింది, ఆ తేలడానికి అంతసేపు పట్టినందుకే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఎవరూ అడక్కముందే, ఆ ముతక బొమ్మలే తెర మీద పెట్టాడు. చిన్నల్లుడు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. పొర మందం కొలిచి, కొత్త బొమ్మ పక్కన పెట్టి మళ్ళీ కొలిచాడు. పెద్దల్లుడు గోడకి ఆనుకుని దెబ్బకి సిద్ధపడ్డాడు.

"మందం ఏమీ మారలేదండీ. అన్నయ్య అప్పుడే తీయించి ఉంచడం ఎంత మంచిదైంది, లేకపోతే సూది తప్పేది కాదు" అన్నాడు చిన్నల్లుడు.

ఆ గొంతులో వెటకారం ఉందేమోనని పెద్దల్లుడు దీపం పెట్టి వెతికాడు. లేదు. ఉంటే ఎంత హాయిగా ఉండేది! మంచితనంలో కూడా వీడే ముందా అని ఇంకాస్త కుళ్ళుకున్నాడు.

కిడ్నీల డాక్టరు బొమ్మలూ, రక్తపరీక్షలూ అన్నీ కలిపి చూసి, ఇది రక్తనాళం చుట్టూ వచ్చే వాపేనని తేల్చి స్టెరాయిడ్ మొదలుపెట్టింది. ముక్క తీసే మాట పక్కన పెట్టింది. కొద్దిరోజుల్లోనే అత్తగారు లేచి కూర్చుంది. ఆకలి వేస్తోందంది, బుగ్గలు పూరీల్లా పొంగాయి. తర్వాత తీసిన బొమ్మలో పొర పలచబడింది, కుడి కిడ్నీ కోలుకుంది. ఎడమది కోలుకోలేదు. రెండు నెలల ముందు దొరికి ఉంటే దక్కేదేమో అంది డాక్టరు. ఆ రెండు నెలలూ ఎవరివో ఎవరూ అనలేదు. ఇది చాలామందికి ఆలస్యంగానే దొరుకుతుంది అని చిన్నల్లుడు ఇంట్లో అందరికీ నచ్చజెప్పాడు. అదీ నిజమే.

పెద్దల్లుడికి ఆ నిజమే పట్టుకుంది. వీడు ఎప్పటికీ చెప్పడు. చెప్పకుండా బతికినంతకాలం గొప్పవాడుగా ఉండిపోతాడు, తను వీడి దయ మీద బతకాలి. అంతకన్నా తనే చెప్పేస్తే నయం. పశ్చాత్తాపంతో చెప్పాడని మీరనుకుంటే మీ మంచితనం. అతను బయల్దేరింది మాత్రం ఓర్వలేకే.

దుకాణంలో ఆ మధ్యాహ్నం ఎవరూ లేరు. అత్తగారు స్టూలు మీద కూర్చుని మెత్తని గుడ్డతో అద్దాలు తుడుస్తోంది. అతను కౌంటరుకి ఇవతలే నిలబడ్డాడు.

"అత్తయ్యా, ఆ రోజు పొట్ట చూద్దామంటే నేను వద్దన్నాను చూడండి, వైద్యం తెలియక కాదు. ఏదన్నా ఉంటే అతను కనిపెట్టేస్తాడని. మీరు అతన్నే మెచ్చుకుంటారని. ఉన్నది నా బొమ్మల్లోనే ఉంది, నేను తెరవలేదు. మీ ఎడమ కిడ్నీ నా కుళ్ళుకి పోయింది."

ఆవిడ అద్దం కింద పెట్టింది. 

"రోజూ సాయంత్రం వచ్చి అడిగేవాడివి. నేనేమనేదాన్ని?"

"తగ్గిందనేవారు."

"ఒక్కరోజూ తగ్గలేదు. పడుకుంటే మరీ ఎక్కువయ్యేది. కుర్చీలో కూర్చుని తెల్లవార్చేదాన్ని."

 ఆవిడ గుడ్డ మడత పెడుతూ, పక్కకి చూస్తూ చెప్పింది.

"చిన్నబాబుకి అన్నీ చెప్పాను. వాడికి చెప్పడానికి నాకేం భయం? తగ్గలేదంటే సరే, ఇంకోటి చూద్దామంటాడు. నువ్వలా కాదు. గుమ్మంలోకి వచ్చేటప్పుడే నీ ముఖం చూస్తే, మొదట్లో ఫ్రేము పెట్టినప్పుడు ఎలా కూర్చున్నావో అలా ఉండేది. తగ్గలేదని చెప్పడానికి నోరొచ్చేది కాదు. చిన్నబుచ్చుకుంటావని." గుడ్డ పక్కన పెట్టింది. "బతుకంతా జనాన్ని తిట్టాను, నాకోసం బాగుందనొద్దని. ఆఖరికి నేనే అన్నాను. తిలాపాపం తలా పిడికెడు బాబూ. నువ్వొక్కడివే మోసుకుపోకు."

ఇన్నేళ్ళుగా అతను అడగలేక అడుగుతున్న ప్రశ్నకి జవాబు వచ్చింది. ఎవరంటే ఎక్కువ ప్రేమో తెలిసింది. చిన్నల్లుడి మీద గెలిచాడు, ఏ అనుమానమూ లేకుండా గెలిచాడు. ఆ గెలుపుకి ఖరీదుగా ఆవిడ నెలల తరబడి నొప్పి దాచి, ఒక కిడ్నీ ఇచ్చుకుంది. అతను కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఎదురుగా ఉన్న మనిషి మసగ్గా కనిపించింది.

ఆవిడ చెయ్యి చాపి కళ్ళజోడు తీసుకుని, తుడిచి, తిరిగి ఇచ్చింది. అతను పెట్టుకున్నాడు.

"ఇప్పుడెలా ఉందత్తయ్యా?"

 తొందరపడొద్దు, చూసి చెప్పమని తను అందరికీ చెప్పే పద్ధతిలోనే ఆవిడ కాసేపు ఆలోచించింది.

"ఉంది" అంది. "ఎడమ పక్కన, కిందికి. ఆ గొట్టం ఉన్నచోట. పొద్దున లేచేటప్పుడు ఎక్కువ."

అతను కౌంటరు చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళాడు. కూర్చోవడానికి ఇంకో స్టూలు లేదు. అద్దాలొచ్చిన చెక్కపెట్టె ఒకటి లాక్కుని ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఇంకా చెప్పండి" అన్నాడు.